అంతర్జాలము – బాలల రక్షణ

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు టాబ్లెట్లు పంచిరి. విజయనగరం జిల్లా పిల్లలకు కూడ అవి అందినవి. పాఠములు తప్ప వేరేవి తెరచుకొనకుండ వానిలో తాళము వంటి ఏర్పాటు చేసిరి. ఇంటిలోని ఫోనుకు అట్టి తాళము సాధారణముగ ఉండదు.

అంతర్జాలమున ఫొటో పంపుట యనగా నకలు పంపుటయే. ఒక నకలు నుండి వేయి నకళ్లు పుట్టును. మన ఫోనులో చెరిపివేసినను అవతలివారి వద్ద అది మిగిలియుండును. కావున అపరిచితులు ఫొటో అడిగినచో పంపరాదు. బెదిరించినచో ఆ సందేశమును చెరపక వెంటనే పెద్దలకు చూపవలెను, అదియే సాక్ష్యము. బాలల సహాయమునకు 1098, సైబరు నేరముల ఫిర్యాదుకు 1930 నంబర్లు కలవు.

పెద్దలు మాత్రము కోపపడరాదు. తిట్లకు భయపడిన బిడ్డ విషయమును దాచును. ఆ దాపరికమే బెదిరించువానికి బలము.