ఫోన్‌కి వైరస్ వచ్చిందా? క్రోమ్‌లో మనం నొక్కిన "అలో" బటన్ కథ

పోయిన ఎపిసోడ్ తర్వాత మీలో చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, నేను ఏ సైటూ ఓపెన్ చేయలేదు, అయినా 'మీ ఫోన్‌లో 3 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి' అని మెసేజ్ వస్తోంది, ఫోన్ రీసెట్ కొట్టాలా?" అని. ఆగండి, రీసెట్ కొట్టకండి. ముందు ఆ నోటిఫికేషన్‌ని సరిగ్గా చూడండి. పైన చిన్నగా క్రోమ్ అని, పక్కన ఏదో నోరు తిరగని సైట్ పేరు కనిపిస్తే, అది దాదాపుగా వైరస్ కాదు. మీరే ఎప్పుడో ఇచ్చిన పర్మిషన్.

ఎక్కడ ఇచ్చాం అంటారా? కొత్త సినిమా డౌన్‌లోడ్ అని వెతికిన రోజు, లేదా రిజల్ట్స్ రోజు అసలు సైట్ ఓపెన్ అవక గూగుల్‌లో దొరికిన ఏదో ఒక సైట్‌లోకి వెళ్లినప్పుడు. "మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి" అని వస్తుంది. హడావిడిలో నొక్కేస్తాం. ఇది గుర్తుపెట్టుకోండి: నిజమైన క్యాప్చా ఏదీ నోటిఫికేషన్ పర్మిషన్ అడగదు. బస్సుల బొమ్మలో, ట్రాఫిక్ లైట్లో చూపించి సెలెక్ట్ చేయమంటుంది, అంతే.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. వెబ్ పేజీలో హెచ్‌టీఎంఎల్ అంటే అస్థిపంజరం, సీఎస్‌ఎస్ అంటే వేసుకున్న బట్టలు, జావాస్క్రిప్ట్ అంటే కదలిక. దీన్ని 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఆయన 10 రోజుల్లో మొదటి రూపానికి తెచ్చారు. ఈ రోజు మీరు ఏ పేజీ తెరిచినా, ఎవరో రాసిన ఒక ప్రోగ్రామ్ మీ ఫోన్‌లోకి వచ్చి రన్ అవుతోంది. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ బ్రౌజర్ దాని చుట్టూ కంచె కడుతుంది, దాన్నే శాండ్‌బాక్స్ అంటారు. మామూలుగా అయితే పేజీలోని స్క్రిప్ట్ మీ ఎస్ఎంఎస్‌లు చదవలేదు, గ్యాలరీలోకి దూరలేదు. కెమెరా కావాలన్నా, లొకేషన్ కావాలన్నా మిమ్మల్ని అడగాలి. అందుకే మోసగాళ్లు కంచె దూకడానికి కష్టపడరు, గేటు మన చేతే తీయిస్తారు.

మరి సైట్ మూసేశాక కూడా మెసేజ్‌లు ఎలా వస్తాయి? సర్వీస్ వర్కర్ అని ఒక చిన్న స్క్రిప్ట్ ఉంటుంది. సైట్ దాన్ని బ్రౌజర్‌లో రిజిస్టర్ చేసి వెళ్లిపోతుంది. ట్యాబ్ మూసినా అది నిద్రపోతూ ఉంటుంది, సర్వర్ నుంచి పిలుపు రాగానే లేచి నోటిఫికేషన్ చూపిస్తుంది. మంచి సైట్లు కూడా ఇదే వాడతాయి, క్రికెట్ స్కోర్ వచ్చేది ఇలాగే. హిస్టరీ ఒక్కటే డిలీట్ చేస్తే ఈ పర్మిషన్ పోదు.

తీసేయాలంటే క్రోమ్‌లో పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అలోడ్ అని లిస్ట్ ఉంటుంది. మా బాబాయ్ ఫోన్‌లో చూస్తే 23 సైట్లు ఉన్నాయి, ఒక్కటి కూడా ఆయనకి తెలిసింది కాదు. అందులో ఒకటి బ్యాంక్ బొమ్మ పెట్టి "కేవైసీ అయిపోయింది, ఈ రోజే అప్‌డేట్ చేయండి" అని పంపుతోంది. ఇదే ఫ్రెండ్స్ అసలు ప్రమాదం. అది నొక్కితే ఏపీకే ఫైల్ దిగుతుంది, ఇన్‌స్టాల్ అయ్యాక ఎస్ఎంఎస్ పర్మిషన్ అడుగుతుంది, ఇస్తే ఓటీపీలు వాళ్లకి వెళ్లిపోతాయి. శాండ్‌బాక్స్ లోపల ఉన్నంతసేపు చేయలేని పని, యాప్‌గా మారాక చేసేస్తుంది. అందుకే ఫోన్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వెతికి, క్రోమ్ ఎదురుగా ఆఫ్‌లో ఉందో లేదో చూడండి.

"అయితే జావాస్క్రిప్టే ఆపేస్తే పోలా?" అంటారు కొందరు. ఆప్షన్ ఉంది, అదే సైట్ సెట్టింగ్స్‌లో. ఒక గంట ఆపి చూడండి, టికెట్ బుకింగ్, పేమెంట్ పేజీ, మ్యాప్స్ ఏదీ సరిగ్గా నడవదు. నా లెక్కలో ఇది ఎలుకల కోసం ఇల్లు తగలబెట్టడం. అక్కడే యాడ్ సైట్ ఎక్సెప్షన్ ఉంది, బ్యాక్ కొట్టినా వదలని సైట్ ఒక్కదాన్నీ అందులో పెట్టి బ్లాక్ చేయండి. పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్ మామూలుగానే బ్లాక్‌లో ఉంటుంది, అలాగే ఉంచండి.

ప్లగిన్ల గురించి ఒక్క మాట. ఫ్లాష్ ప్లేయర్ అని ఒకటి ఉండేది, అప్పట్లో కంప్యూటర్‌లో గేమ్స్, వీడియోలు అన్నీ దాని మీదే. ఐఫోన్ దాన్ని అసలు రానివ్వలేదు. అడోబీ 2011లోనే మొబైల్ ఫ్లాష్ ఆపేసింది, 2020 డిసెంబర్ 31తో మొత్తం సపోర్ట్ ముగించింది. కాబట్టి ఈ రోజు ఏ సైటైనా "వీడియో చూడాలంటే ఫ్లాష్ అప్‌డేట్ చేయండి" అంటే, లేని దాన్ని అమ్ముతున్నాడు. వెంటనే ట్యాబ్ మూసేయండి.

ఆండ్రాయిడ్‌లో స్క్రిప్ట్‌ల మీద ఇంకా పట్టు కావాలంటే ఫైర్‌ఫాక్స్ వాడండి. అందులో యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ పనిచేస్తుంది, యాడ్స్ తెచ్చే స్క్రిప్ట్‌లని చాలావరకు దిగకుండానే ఆపుతుంది. ఐఫోన్ వాళ్లకి ఈ నోటిఫికేషన్ గోల తక్కువ, ఎందుకంటే అక్కడ సైట్‌ని హోమ్ స్క్రీన్‌కి యాడ్ చేస్తేనే నోటిఫికేషన్ అడగగలదు.

ఇప్పటికే ఏపీకే ఇన్‌స్టాల్ చేసి డబ్బు పోయిన వాళ్లు ఉంటే, ముందు డేటా, వైఫై ఆఫ్ చేయండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంక్‌కి చెప్పి 1930కి కాల్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.