చింతపిక్కల లెక్కలు.. ముంజికాయల సైన్సు!

‘ఇక్కడ ఆటలే గానీ, చదువేం చెబుతున్నారండీ టీచరుగారూ?’

అమలాపురానికి దగ్గర్లోని ఓ ఊళ్లో, అంగన్‌వాడీ గుమ్మం దగ్గర ఓ తల్లి అడిగిన ప్రశ్న ఇది. గొడవకి కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. పక్కనే నిలబడ్డ మా అక్కదీ అదే అనుమానం. మా మేనకోడలికి మూడున్నరేళ్లు. జూన్‌లో దాన్ని పసుపు వ్యానెక్కించి పది కిలోమీటర్ల అవతల ఉన్న కాన్వెంటుకి పంపాలా, ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్న అంగన్‌వాడీలోనే ఉంచాలా? ఇంట్లో నెల్లాళ్లుగా ఇదే చర్చ. ‘అక్కడ ఎల్కేజీలోనే ఏబీసీడీలు రాయించేస్తారంట్రా’ అన్నది అక్క పాయింటు. సరే, ఇక్కడేం చేస్తున్నారో ఓ పూటంతా కూర్చుని చూద్దామని ఏప్రిల్ నెలాఖర్లో నేనూ వెళ్లాను.

వెళ్లేసరికి పిల్లలు చేటల ముందు కూర్చుని ఉన్నారు. చేటలో చింతపిక్కలు, సీతాఫలం గింజలు, గవ్వలు కలిపి పోసేశారు. వేటికవి వేరుచేసి కొబ్బరి చిప్పల్లో వెయ్యాలి. అంతే ఆట. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కో గింజా తీస్తుంటే ఆ మొహాల్లో సీరియస్‌నెస్ చూడాలి! మా మేనకోడలు ఇంట్లో అన్నం ముద్దకో పరుగు పెట్టిస్తుంది. అలాంటిది ఇక్కడ ఇరవై నిమిషాలు కదల్లేదు.

‘ఇది పలక పట్టుకోడానికి ముందు చేయాల్సిన పనండీ’ అన్నారు టీచర్. ఆవిడ చెప్పింది నిజమే. మన మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి అసలు ఎముకలే కావు, మెత్తటి మృదులాస్థి. ఒక్కోటీ ఒక్కో వయసులో ఎముకగా మారడం మొదలుపెడుతుంది. మూడేళ్లకి సుమారు సగమే ఆ దారిలో పడతాయి. ఆఖరిదాని వంతు వచ్చేసరికి ఎనిమిదేళ్లు దాటిపోతుంది. అలాంటి చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల కాపీలో రోజుకో పేజీ నింపమంటే ఏం చేస్తుంది పాపం? గింజలేరడం, బంకమట్టి పిసకడం, తడిగుడ్డ పిండడం, కొబ్బరి ఈనెకి పూలు గుచ్చడం.. వేళ్లకి బలం వచ్చేది వీటితోనే. రాత వాటి వెనకాల వస్తుంది.

గింజలతో ఇంకో తమాషా ఉంది. మీ ఇంట్లో నాలుగేళ్ల బుడ్డోడో బుడ్డదో ఉంటే ఇవాళే చేసి చూడండి. ఆరు చింతపిక్కలు ఒక వరసలో, దాని కిందే ఇంకో ఆరు సరిగ్గా ఎదురెదురుగా పెట్టండి. ‘రెండూ సమానమేనా?’ అంటే అవునంటారు. ఇప్పుడు వాళ్లు చూస్తుండగానే కింది వరసని కాస్త ఎడంగా జరిపి మళ్లీ అడగండి. మామూలుగా ఆ వయసు పిల్లలు పొడుగ్గా ఉన్న వరసలోనే ఎక్కువున్నాయంటారు! ఒకటి నుంచి వంద దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పే పిల్లలు కూడా ఇక్కడ బోల్తా పడుతుంటారు. స్విట్జర్లాండ్‌కి చెందిన జీన్ పియాజే చేసిన పరీక్షల్లో ఇదొకటి. డీఎస్సీకి చదివేవాళ్లు ‘పదిలపరచుకొనే భావన’ అని బట్టీ పడుతుంటారే, అదే ఇది. అంకెలు పాడటం వేరు, ఎన్నున్నాయో తెలియడం వేరు. ఆ రెండోది నోటితో రాదు. గింజలు వందసార్లు జరిపి, పోసి, పంచుకుంటేనే వస్తుంది.

పదిన్నరకి అందరూ పెరట్లోకి వెళ్లారు. అక్కడో మూల గోదారి ఇసుక గుట్ట, పక్కనే రెండు చెంబుల నీళ్లు. పిల్లలు గరిటెలతో కాలవ తవ్వారు. నీళ్లు పోస్తే ఇసుక తాగేసింది. ఇంకాసిన్ని పోశారు. ఈసారి పారాయిగానీ గట్టు తెగింది. ఒకడు కొబ్బరి చిప్ప అడ్డం పెట్టాడు. నీళ్లు పక్కకి మళ్లాయి. ఇంక చూడండి, అరుపులే అరుపులు! 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినప్పుడు కాటన్ దొర కూడా ఇంత సంబరపడి ఉండడు. నీళ్లు పల్లానికే ఎందుకు పోతాయో ఆ పూట వాళ్లకి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆయమ్మ పని. ఆవిడకి ట్రైనింగులేవీ లేవు. కొబ్బరాకు చేతికి దొరికితే చాలు బూర, పాము, చేతి గడియారం, కళ్లజోడు.. ఏదడిగితే అది రెండు నిమిషాల్లో చేసిస్తుంది. ఆ రోజు ముంజికాయలు తెచ్చింది. పిల్లలు ముంజెలు జుర్రుకోగానే ఖాళీ బుర్రలు రెండు తీసి, మధ్యలో కర్ర గుచ్చి, పంగల కర్ర తగిలించింది. బండి రెడీ. ఒక పిల్లాడి బండి ఎంత తోసినా పక్కకే పోతోంది. ‘ఎందుకురా?’ అంది ఆయమ్మ. వాడు వంగి చూశాడు, రెండు బుర్రలూ చేత్తో తడిమాడు. ‘ఇది బుల్లిది, అది పెద్దది’ అన్నాడు. చిన్న బుర్ర వైపుకే బండి తిరుగుతోందని కనిపెట్టేశాడన్నమాట. ఎన్ని వేలు పోసి రిమోట్ కారు కొన్నా, ఆ ప్రశ్న రాదు.

ఇదేం కొత్త విద్య కాదు. ఇటలీ డాక్టర్ మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని ఓ పేదల వాడలో పిల్లల ఇల్లు తెరిచింది ఈ నమ్మకంతోనే. 1939లో ఆవిడ మద్రాసు అడయారుకి వచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా ఇక్కడే ఉండిపోయి, మన టీచర్లకి పాఠాలు చెప్పింది. అంతకంటే ముందే, 1920లో, గుజరాత్‌లోని భావనగర్‌లో వకీలు పని వదిలేసిన గిజుభాయి బధేకా బాలమందిర్ పెట్టాడు. ఇవాళ ఏ టౌన్లో చూసినా బోర్డు మీద ‘మాంటిస్సోరి’ అని ఉంటుంది. లోపలికెళ్తే మూడేళ్ల పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుని ఉంటారు. ఆవిడ చూస్తే ఏమనుకునేదో!

మరి అంగన్‌వాడీలన్నీ ఇలాగే ఉన్నాయా అంటే, లేవు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ ప్రధానంగా తిండి, టీకాల చుట్టూ నడిచింది. మన రాష్ట్రంలో 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశ అంది. 2023లో కేంద్రం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ అని పేరు పెట్టింది. బాగానే ఉంది. కానీ అదే టీచరు గుడ్లు లెక్కపెట్టాలి, బరువులు చూడాలి, గర్భిణుల వివరాలు రాయాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. నేనున్న పూటలోనే ఆవిడ మూడుసార్లు ఫోన్ పట్టుకుని నెట్‌వర్క్ కోసం గుమ్మంలోకొచ్చారు. గింజల ఆట ఆగిపోయేది సరిగ్గా అప్పుడే. ఆటలు చాలవు, ఆడించే మనిషికి తీరిక కూడా ఉండాలి. వ్యాను వైపు చూసే తల్లుల్ని తప్పుపట్టే ముందు ఈ సంగతి చూడాలనిపిస్తుంది నాకు.

అక్క ఏం చేసిందంటారా? ఆ రాత్రి చింతపిక్కల పరీక్ష కూతురి మీద చేసింది. ‘ఇందులో ఎక్కువున్నాయి’ అని అది పొడుగు వరస చూపించగానే అక్క నవ్వేసింది. నెల కిందట ఎల్కేజీ అడ్మిషన్ అడగడానికెళ్లినప్పుడు యాభై దాకా గడగడా చెప్పి చాక్లెట్ కొట్టేసిన పిల్ల మరి! ‘ఈ ఏడాదికి ఇక్కడే ఉండనీరా, వచ్చే ఏడు చూద్దాం’ అంది. వచ్చే ఏడు మళ్లీ చర్చ తప్పదు, ఆయ్.

మీ ఇంట్లో మొదలుపెట్టేముందు రెండు మాటలు. మూడేళ్లలోపు పిల్లలకి గింజలు, గవ్వలు, గోళీలు వద్దు, గొంతులో అడ్డం పడతాయి. వాళ్లకి నోట్లో పట్టనంత పెద్దవి, పనస పిందెలు, ఖాళీ కొబ్బరి చిప్పల్లాంటివి ఇవ్వండి. పెద్ద పిల్లలైనా సరే, ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి తియ్యండి. లెక్కపెట్టడం కూడా వాళ్లచేతే చేయిస్తే ఇంకా మంచిది. నీళ్ల ఆటకి చెంబు చాలు, నిండు బకెట్ దగ్గర పిల్లల్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. ముంజికాయల బండికి కత్తి పని మీది, బుర్రలు ఏరుకునే పని వాళ్లది. బండి పక్కకి పోతే మాత్రం వెంటనే సరిచేసెయ్యకండి.