పిల్లలు బొద్దుగా ఉంటే ఆరోగ్యమేనా? చెంచాల లెక్క చూద్దాం

"బాబు ఎంత ముద్దుగా, బొద్దుగా ఉన్నాడో!" అని మన ఇళ్లలో మురిసిపోతుంటాం కదా. ఇవాళ ఆ బొద్దు గురించే మాట్లాడుకుందాం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవాళ్లు 2015-16లో 2.1 శాతం. 2019-21కి అది 3.4 శాతం అయ్యింది. ఒకప్పుడు పెద్దవాళ్ల జబ్బు అనుకున్న టైప్ 2 డయాబెటిస్ ఇప్పుడు స్కూల్ పిల్లల్లోనూ కనిపిస్తోంది. అందుకే 2025 మే నెలలో సీబీఎస్‌ఈ తన స్కూళ్లలో 'షుగర్ బోర్డులు' పెట్టమంది. ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు తెలియాలని.

ఈ లెక్క ఇంట్లో మనమూ వేసుకోవచ్చు. ప్యాకెట్ వెనక్కి తిప్పి 'యాడెడ్ షుగర్స్' లైన్ చూడండి. ఆ గ్రాముల్ని 5తో భాగిస్తే సుమారుగా ఎన్ని చెంచాలో వస్తుంది. రోజు మొత్తం కేలరీల్లో చక్కెర వాటా 10 శాతం లోపే ఉండాలి, 5 శాతం లోపైతే ఇంకా మంచిది అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రోజుకి 1600 కేలరీలు తినే పిల్లాడికి 5 శాతం అంటే 20 గ్రాములు, అంటే 4 చెంచాలు. మామూలు కూల్‌డ్రింక్ 250 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 5 చెంచాలు ఉంటుంది. ఒక్క సీసాతోనే ఆ రోజు కోటా దాటిపోయింది! బిస్కెట్లు, పాలల్లో కలిపే పొడి ఇంకా లెక్కే వేయలేదు.

ఇక్కడో కిటుకు ఉంది. 'పర్ సర్వ్' అని చిన్న అంకె కనిపిస్తుంది. ప్యాకెట్‌లో నాలుగు సర్వ్‌లు ఉండి, పిల్లాడు మొత్తం తినేస్తే నాలుగుతో గుణించాల్సిందే. అలాగే 'హెల్త్ డ్రింక్' అన్న పేరు చూసి నమ్మేయకండి. మన ఆహార భద్రతా చట్టంలో అసలు ఆ నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ కూడా ఇలాంటి డ్రింకుల్ని ఆ కేటగిరీ నుంచి తీసేయమని ఆన్‌లైన్ షాపింగ్ సైట్లకు చెప్పింది.

అలాగని పిల్లల్ని కడుపు మాడ్చకండి, "లడ్డూ" అని వెక్కిరించకండి. ఎదిగే వయసు వాళ్లది. బరువు ఎక్కువో కాదో పెద్దవాళ్ల బీఎంఐ లెక్కతో తేల్చకూడదు. వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి గ్రోత్ చార్ట్ ఉంటుంది, పిల్లల డాక్టర్‌ని అడగండి. రోజుకి గంటసేపు చెమట పట్టేలా ఆడనివ్వండి. ముఖ్యంగా, వాడికి వద్దన్నది మీరూ మానేయండి. ఫ్రిజ్‌లో సీసా పెట్టి తాగొద్దంటే ఏ పిల్లాడు వింటాడు చెప్పండి?

ఇవాళే మీ వంటింట్లో ఒక ప్యాకెట్ తిప్పి చూడండి. మళ్లీ కలుద్దాం!