ఏబీఎస్ దీపం వెలిగినప్పుడు: ఎలక్ట్రానిక్ బ్రేకు లోపాల నిర్ధారణ

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద ఒక కారు గంటకు 80 కి.మీ. వేగంతో పోతోందనుకుందాం. హఠాత్తుగా గొర్రెల మంద అడ్డం వచ్చింది. డ్రైవరు పెడల్‌ను బలంగా తొక్కాడు. చక్రాలు తిరగడం పూర్తిగా ఆగిపోతే టైర్లు జారతాయి, స్టీరింగు తిప్పినా కారు పక్కకు తిరగదు. ఈ స్థితి రాకుండా చూసేదే యాంటీలాక్ బ్రేకింగ్ సిస్టమ్. దీన్ని క్లుప్తంగా ఏబీఎస్ అంటాం. 1978లో బాష్ కంపెనీ రూపొందించిన ఈ వ్యవస్థను మెర్సిడెస్ బెంజ్ ఎస్-క్లాస్ కార్లలో అమర్చారు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయింది. కాబట్టి చిన్న ఊరి మెకానిక్ షెడ్డుకు కూడా ఇప్పుడు ఈ లోపాలు వస్తున్నాయి.

దీపాలను చదవడం

డ్యాష్‌బోర్డులో పసుపు రంగు ఏబీఎస్ దీపం ఒక్కటే వెలిగితే మామూలు హైడ్రాలిక్ బ్రేకులు పనిచేస్తాయి, చక్రాలు బిగుసుకోకుండా కాపాడే పని మాత్రం ఆగిపోతుంది. దానితోపాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే విషయం వేరు. ముందుగా హ్యాండ్‌బ్రేకు, బ్రేకు ఆయిల్ మట్టం చూడండి. అవి సరిగా ఉన్నా ఎర్ర దీపం ఆరకపోతే, ముందు వెనుక చక్రాలకు ఒత్తిడిని పంచే ఏర్పాటు కూడా ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుని కారు అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. అటువంటి కారును నడిపి చూడకూడదు.

కోడ్ అంటే తీర్పు కాదు

స్కానర్ పెట్టగానే సి0035 వంటి కోడ్ వస్తుంది. ఇది సాధారణంగా ముందు ఎడమ చక్రపు వేగ సెన్సర్ సర్క్యూట్‌ను సూచిస్తుంది. 'సర్క్యూట్' అనే మాటను గమనించండి. సెన్సర్, దాని వైరు, కనెక్టర్, సెన్సర్ ఎదుట తిరిగే పళ్ల చక్రం, హబ్ బేరింగ్ అన్నీ ఆ మాటలోకి వస్తాయి. కోడ్ చూసి వెంటనే కొత్త సెన్సర్ కొనిపించడం చాలా చోట్ల జరిగే పొరపాటు. తక్కువ ధర స్కానర్లలో కొన్ని ఇంజన్ కోడ్‌లను మాత్రమే చదువుతాయి. అవి 'లోపం లేదు' అని చూపినంత మాత్రాన బ్రేకు వ్యవస్థ బాగున్నట్లు కాదు. బ్యాటరీ వోల్టేజి పడిపోయినా దీపం వెలగవచ్చు కనుక పరీక్షను అక్కడి నుంచే మొదలుపెట్టండి.

రెండు రకాల సెన్సర్లు

పాత రకంలో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. పళ్ల చక్రం తిరిగితే ఏసీ వోల్టేజి పుడుతుంది, వేగం తగ్గితే అదీ తగ్గుతుంది. చాలా వాటిలో నిరోధం సుమారు 1000 నుంచి 2000 ఓమ్‌ల మధ్య ఉంటుంది. మల్టీమీటరు పెట్టి ఎడమ, కుడి చక్రాల విలువలను పోల్చండి. కొలిచేటప్పుడు వైరును కదిలించండి. అంకె ఎగిరి పడితే లోపల తీగ తెగినట్లే.

కొత్త రకానికి కంట్రోల్ యూనిట్ నుంచి కరెంటు అందాలి. చాలా వాటిలో సిగ్నల్ 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారుతుంది. దీనికి ఓమ్ పరీక్ష పెట్టకూడదు. ఇగ్నిషన్ వేసి, కనెక్టర్ వద్ద వోల్టేజి వస్తోందో లేదో చూడాలి. ఈ రకంలో పళ్లకు బదులు, బేరింగ్ సీలులోనే అయస్కాంత వలయం ఉండవచ్చు. చూపుకు అది మామూలు రబ్బరు సీలులాగే ఉంటుంది. చిన్న గుండుసూదిని దగ్గరకు తెస్తే అంటుకుంటుంది.

దుమ్ము మీద నింద

బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో నాపరాయి, సున్నపురాయి దుమ్ము విపరీతం. 'దుమ్ము పట్టి సెన్సర్ పోయింది' అనే మాట వినిపిస్తుంటుంది. ఇది సగమే నిజం. సున్నపురాయి అయస్కాంతానికి అంటుకోదు, అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకోదు కూడా. సెన్సర్ కొనకు పట్టేది బ్రేకు డిస్కు అరిగి రాలిన ఇనుప రజను. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి మట్టి చేసే హాని మరో రకం. వానలో చక్రం లోపలికి చేరిన ముద్ద ఎండి గట్టిపడితే సెన్సర్ వైరును ఒరుసుకుంటుంది, క్లిప్పులను ఊడదీస్తుంది. కాబట్టి స్పానర్ పట్టేముందు చక్రం విప్పి, కడిగి, వైరు పొడవునా కళ్లతో చూడండి.

ఒక ఉదాహరణ

కారు ఆగబోయే క్షణంలో, పొడి రోడ్డు మీద కూడా, పెడల్ కాలికింద గరగరమని వణుకుతోంది. దీపం లేదు, కోడ్ లేదు. స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలను ఒకేసారి తెరపై ఉంచి, ఖాళీ స్థలంలో 20 కి.మీ. వేగం నుంచి మెల్లగా ఆపండి. స్కానర్‌ను పక్కన కూర్చున్నవారే చూడాలి. మూడు చక్రాలు 8 చూపుతున్నప్పుడే నాలుగోది సున్నాకు పడిపోయిందనుకోండి. ఆ చక్రం బిగుసుకుందని కంట్రోల్ యూనిట్ పొరబడి, దాని బ్రేకు ఒత్తిడిని వదిలేస్తోందన్నమాట. కూడలిలో కారు నాలుగడుగులు ముందుకు జారేది ఇందుకే. సెన్సర్ కొన మీది ఇనుప రజనును తుడిచి, ఎడం సరిచూసి, పళ్ల చక్రంలో పగులు ఉందేమో పరీక్షించండి. పగులు ఉంటే చక్రం తిరిగిన ప్రతిసారీ అదే చోట సిగ్నల్ తెగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ప్రొద్దుటూరులో ఒక కారుకు వెనుక కుడి బేరింగ్ మార్చారు. కారు కదలగానే ఏబీఎస్ దీపం వెలిగింది. కొత్త సెన్సర్ వేసినా అదే కోడ్ వచ్చింది. కనెక్టర్ వద్ద వోల్టేజి సరిగానే ఉంది. మీరు దేన్ని విప్పి చూస్తారు? గుండుసూదితో ఏం తేలుస్తారు?