పని లేకుండా అమ్మతో ప్రయాణం: ఒక చిన్న నవల, మన అమ్మల మౌనం

జెస్సికా ఆ రాసిన 'కోల్డ్ ఎనఫ్ ఫర్ స్నో' చాలా చిన్న నవల. వంద పేజీలకు అటూ ఇటూ ఉంటుంది. ఒక తల్లి, ఎదిగిన కూతురు టోక్యోలో కలుసుకుంటారు. అది తుఫాన్ల కాలం. ఇద్దరూ కాలవల పక్కన నడుస్తారు, మ్యూజియంలు చూస్తారు, హోటళ్లలో తింటారు. వాతావరణం గురించి, బట్టల గురించి, రాశిఫలాల గురించి మాట్లాడుకుంటారు. గొడవ జరగదు, దాచిన రహస్యమేదీ బయటపడదు. ఆస్ట్రేలియా రచయిత్రి రాసిన ఈ పుస్తకం 2022లో వచ్చింది. మూడు దేశాల ప్రచురణకర్తలు కలిసి పెట్టిన నవలా బహుమతి మొదటిసారి దీనికే దక్కింది.

విశాఖపట్నంలో మేం కొందరం కూర్చుని ఈ నవల చదివాం. మాలో యూనివర్సిటీ విద్యార్థులున్నారు, స్టీల్‌ప్లాంట్ కాంట్రాక్టు కార్మికుల పిల్లలున్నారు. చదవగానే వచ్చిన మొదటి ప్రశ్న, "ఇందులో కథేముంది?" రెండో ప్రశ్న ఒక అమ్మాయి అడిగింది: "పనేమీ లేకుండా అమ్మతో ఊరెళ్తారా ఎవరైనా?" అందరం నవ్వాం. తర్వాత ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

కారణం లేని ప్రయాణం ఎవరిది?

మన అమ్మలు ప్రయాణాలు చేయలేదని కాదు. చాలానే చేశారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి తెల్లవారుజాము ప్యాసింజర్ ఎక్కి, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని విశాఖలో కూలికి దిగినవాళ్లు వాళ్లు. 1933లో హార్బర్ తెరిచినప్పటి నుంచి ఈ ఊరు ఇలా వచ్చిన చేతులతోనే పెరిగింది. రెల్లి ఆడవాళ్లు పండ్ల గంపలు నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగారు, తెల్లారకముందే చీపురు పట్టుకుని ఆ వీధులే ఊడ్చారు. కేజీహెచ్‌లో రోగుల పక్కన నేల మీద పడుకున్నారు. వాళ్ల ప్రతి ప్రయాణానికీ ఒక పని ఉంది. కూలి, రోగం, చావు, పెళ్లి, సంతకం. ఊరికే చూసి రావడానికి వెళ్లిన ప్రయాణం చెప్పమంటే మాలో చాలామంది ఒక్కటి కూడా చెప్పలేకపోయాం.

ఇది డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు. దళితుల ప్రయాణం గురించి మనం చదివే మొదటి పాఠం అంబేడ్కర్‌ది. 1901లో తండ్రిని చూడటానికి రైలు దిగిన పిల్లలు వాళ్లు. మహర్లని తెలియగానే బండి తోలడానికి ఎవరూ ముందుకు రాలేదు. దారంతా తాగడానికి నీళ్లు దొరకలేదు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని ఆయన పెట్టిన పేరులోనే విషయమంతా ఉంది. సొంత దేశంలో అడుగు కదపడానికి కూడా అనుమతి కావాలి. కొత్త ఊళ్లో అడిగే మొదటి ప్రశ్న "మీరేవుట్లు?" అయినప్పుడు, కాలవ గట్టున ఊరికే నడవడం కూడా ఒక హక్కు సంగతి అవుతుంది.

ట్రంకు పెట్టెతో వెళ్లిన దారి

అయినా మనకూ ఒక అమ్మా-కూతుళ్ల ప్రయాణం ఉంది. ఎస్సీ హాస్టల్లో చేరడానికి వెళ్లే ప్రయాణం. ఒక రేకు పెట్టె, కంచం, గ్లాసు, దుప్పటి, కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సులు. బస్సులో అమ్మ ఏమీ మాట్లాడదు. దిగే ముందు కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడుతుంది. ఆఫీసు గదిలో అమ్మ మాటల్లోని యాసకి గుమాస్తా నవ్వితే కూతురు తల దించుకుంటుంది. సాయంత్రం బస్సుకి అమ్మ ఒక్కతే తిరిగి వెళ్తుంది.

నవలలో ఇలాంటి దూరం ఒకటుంది. తల్లి హాంకాంగ్‌లో పుట్టింది. ఆమె భాష కాంటోనీస్, కూతురి భాష ఇంగ్లీషు. ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు. కూతురికి చదువు ఇచ్చిన భాష తల్లి దగ్గరికి పూర్తిగా చేరదు. మన ఇళ్లలో ఈ దూరం ఒక తరంలోనే వచ్చింది. నిశాని అమ్మకి పీజీ చదివే కూతురు. చదువు మనకి గెలుపే. కానీ ఆ గెలుపులో అమ్మతో మాట్లాడే మాటలు కొన్ని పోయాయి.

అడిగిన కూతురు

ఈ దూరాన్ని దాటిన ఒక పుస్తకం తెలుగు నేల నుంచే వచ్చింది, ఇంగ్లీషులో. కాకినాడ ఎల్విన్‌పేటలో పెరిగిన గిడ్ల సుజాత 2017లో ప్రచురించిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'. అది నవల కాదు, కుటుంబ చరిత్ర. శివసాగర్‌గా మనకు తెలిసిన కవి, విప్లవ నాయకుడు కె.జి. సత్యమూర్తి ఆమె మేనమామ. చాలామంది ఆయన కోసమే ఆ పుస్తకం తెరుస్తారు. కానీ మూసేటప్పటికి మనసులో మిగిలేది ఆయన చెల్లెలు, సుజాత తల్లి మంజుల. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న పిల్ల, బెనారస్ హిందూ యూనివర్సిటీ దాకా వెళ్లి ఎం.ఏ. చదివింది. అక్కడా కులం వెంటాడింది. తర్వాత ఉద్యోగం కోసం ఊళ్లు మారుతూ, అటు కాలేజీ, ఇటు పిల్లలు, అత్తవారిల్లు మోసింది. కూతురు వరంగల్ ఆర్‌ఈసీలో చదివి, అమెరికా వెళ్లి, న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కండక్టరైంది. అక్కడి నుంచి అమ్మని, మామయ్యని అడిగి అడిగి ఈ చరిత్ర రాసింది. 2018లో శక్తి భట్ తొలి పుస్తక బహుమతి దీనికి వచ్చింది.

ఆ టోక్యో నవల పక్కన ఈ పుస్తకం పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ తల్లి ఏమనుకుంటోందో పాఠకులకు చివరిదాకా తెలియదు. అసలు ఆమె ఆ ప్రయాణంలో ఉందా అనే అనుమానం కూడా వస్తుంది. ఇక్కడ తల్లి జీవితంలో ఆకలి, అప్పు, అవమానం, పట్టుదల అన్నీ పేర్లతో సహా ఉన్నాయి. ఒకటి మౌనాన్ని కాపాడింది, ఇంకొకటి పగలగొట్టింది.

రెండు మౌనాలు

మాలో వాదన ఇక్కడే జరిగింది. "మనకు మౌనం అక్కర్లేదు, వేల ఏళ్లు నోరు మూయించారు" అన్నారు కొందరు. అది నిజం. దళిత స్త్రీల రచనలను గోగు శ్యామల 'నల్లపొద్దు'గా ఒక్కచోట చేర్చింది కూడా ఆ నోళ్లు వినపడాలనే. కానీ మాలో ఒకామె ఇంకో మాట చెప్పింది. "ఎవరొచ్చినా మా అమ్మని గాయం గురించే అడుగుతారు. ఆమెకి ఇష్టమైన పాటేదో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు."

మౌనం ఒక్కటి కాదు, రెండు. ఒకటి మీద రుద్దినది. గుమాస్తా ముందు, ఆసామి ముందు, కాంట్రాక్టరు ముందు అమ్మ పాటించే మౌనం. దాన్ని బద్దలు కొట్టాల్సిందే. రెండోది అమ్మ తనకోసం ఉంచుకున్నది. అది ఆమె ఆస్తి. మిగతా ప్రపంచంలో ఏ తల్లికైనా దొరికే ఈ లోపలి గదిని దళిత తల్లికి మాత్రం లేకుండా చేస్తే, ఆమెను సాక్షిగా మాత్రమే మిగిల్చినవాళ్లమవుతాం. కులం ఆమెను పని చేసే చేతులుగా చూసింది. మనం ఆమెను వాంగ్మూలంగా చూస్తే తేడా ఎంత?

అందుకే అమ్మల జీవితాలు రికార్డు చేస్తున్న విద్యార్థులకు, కార్యకర్తలకు మేం చెప్పేది కొంచెమే. అడగండి, తప్పకుండా అడగండి. అవమానాలతో పాటు ఆమె ఇష్టాలూ అడగండి. ఆమె యాసలోనే రాయండి, దిద్దకండి. చెప్పనన్నది వదిలేయండి. రాసింది చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే బయటపెట్టండి.

ఆ మొదటి ప్రశ్న అడిగిన అమ్మాయి తర్వాతి ఆదివారం వాళ్లమ్మను ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లింది. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో కూలి చేసిన మనిషి కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లడం అదే మొదటిసారి. "ఇంత ఇరుకులో ఎలాగున్నారే?" అని మాత్రం అడిగిందట. తర్వాత ఇద్దరూ ఇసుకలో కూర్చుని మొక్కజొన్న పొత్తులు తిన్నారు. ఇంకేం మాట్లాడుకున్నారని మేం అడిగాం. "ఏం లేదు, ఊరికే కూర్చున్నాం" అంది.