ఒక్కసారి నాటితే ఏళ్ళ తరబడి పూలు.. పెద్దగా పని పెట్టని మొక్కలు ఇవే

చలికాలం రాగానే నర్సరీల ముందు బంతి, చామంతి, పెటూనియా కుండీలు వరుసగా కనిపిస్తాయి. చూడముచ్చటగా ఉన్నాయని నాలుగు కొని తెస్తాం. రెండు మూడు నెలలు కళకళలాడతాయి. ఎండలు ముదిరేసరికి బంతి, పెటూనియా ఎండిపోతాయి, చామంతి పూయడం మానేస్తుంది. మళ్ళీ ఏడాది మళ్ళీ కొనాల్సిందే.

బంతి, పెటూనియా ఒక్క సీజన్ మొక్కలు. చామంతి బతికినా, పగటి పొద్దు తగ్గినప్పుడే మొగ్గ వేస్తుంది. అదే మందారం, నూరువరహాలు లాంటివైతే కొత్త చిగురు వచ్చినప్పుడల్లా మొగ్గ తొడుగుతాయి. చిగురు వేస్తున్నంత కాలం పూలు వస్తూనే ఉంటాయి. తక్కువ పనితో ఎక్కువ పూలు కావాలంటే ఇలాంటివే ఎంచుకోవాలి.

ఏవి కొనాలి?

బిళ్ళ గన్నేరు: ఉర్దూలో దీని పేరే సదాబహార్. మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ మొక్క మన ఎండలకు బాగా తట్టుకుంటుంది. గింజ రాలితే తనంతట తానే మొలుస్తుంది. నీళ్ళు నిలిస్తే మాత్రం వేరు కుళ్ళి చచ్చిపోతుంది.

కాగితం పూలు: రోజంతా ఎండ తగిలే డాబాకు ఇంతకంటే మంచిది లేదు. మనం పూరేకులు అనుకునేవి నిజానికి రంగు ఆకులు. మధ్యలో ఉండే చిన్న తెల్లటి గొట్టాలే అసలు పూలు. నీళ్ళు ఎక్కువ పోస్తే ఆకులే పెరుగుతాయి. మట్టి బాగా ఆరాక పోస్తే విరగబూస్తుంది.

నందివర్ధనం: చాందినీ అంటే మన ఇళ్ళలో అందరికీ తెలుసు. సగం నీడలోనూ పూస్తుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీకి సరిగ్గా సరిపోతుంది.

నూరువరహాలు: ఒక్కో గుత్తి వారాల తరబడి నిలుస్తుంది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువగా ఉంటే ఆకు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందని లక్షణం. కంపోస్టు వేసి, వీలైనప్పుడు వాన నీళ్ళు పోస్తే కోలుకుంటుంది.

మందారం: పువ్వు ఒక్క రోజే ఉంటుంది, కానీ మర్నాడు ఇంకోటి సిద్ధం. పిండినల్లి పడితే లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లాలి.

నాటేటప్పుడు

కనీసం 12 అంగుళాల కుండీ తీసుకోండి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు చాలు. నందివర్ధనం తప్ప మిగతావాటికి రోజుకు 5, 6 గంటల ఎండ కావాలి. జూన్, జూలైలో వానలు పడ్డాక నాటితే వేళ్ళు త్వరగా కుదురుకుంటాయి.

డబ్బు పెట్టి కొనాల్సిన పని కూడా లేదు. బంధువుల ఇంట్లో మందారమో, కాగితం పూలో, నందివర్ధనమో ఉంటే పెన్సిల్ మందం కొమ్మ 6 అంగుళాలు కోసి తెచ్చుకోండి. వానాకాలంలో తడి ఇసుకలో గుచ్చి నీడన ఉంచితే చాలావరకు వేళ్ళు పడతాయి.

నీళ్ళ సంగతి

రోజూ పోయాలనే రూలేం లేదు. మట్టిలోకి వేలు పెట్టి చూడండి. రెండు అంగుళాల లోతు దాకా పొడిగా ఉంటేనే పోయండి. పైన ఎండుటాకులో కొబ్బరి పీచో పరిస్తే తడి ఇంకా ఎక్కువ సేపు నిలుస్తుంది. వుజూ చేసిన నీళ్ళలో సబ్బు ఉండదు కాబట్టి ఒక బకెట్‌లో పట్టి మొక్కలకు పోయొచ్చు. ఆర్వో ఫిల్టర్ వదిలే నీళ్ళు మాత్రం రోజూ వద్దు. వాటిలోని ఉప్పులు మట్టిలో పేరుకుంటాయి. కుండీ కింది పళ్ళెంలో నీళ్ళు నిలవనీయొద్దు. డెంగీ దోమ పెరిగేది అక్కడే.

ఏడాదికి ఒకసారి, తొలకరి సమయంలో, కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి. కొత్త చిగుళ్ళు వస్తాయి, వాటితోపాటే పూలు. యూరియా జోలికి పోవద్దు. ఆకులు పెరిగి పూలు తగ్గుతాయి. రెండు నెలలకోసారి గుప్పెడు కంపోస్టు సరిపోతుంది.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

రోడ్ల మధ్య డివైడర్లలో కనిపించే మామూలు గన్నేరు కూడా ఏడాదంతా పూస్తుంది, నీళ్ళు అడగదు. కానీ ఆకు నుంచి వేరు దాకా అంతా విషమే. గుండె కొట్టుకునే తీరునే దెబ్బతీస్తుంది. పాకే పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు.

బక్రీద్‌కు ముందు మేకను ఇంటికి తెచ్చి కట్టేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గన్నేరు, బిళ్ళ గన్నేరు, లాంటానా కొమ్మలు దానికి అందకూడదు. కత్తిరించిన రెమ్మల్ని దాని ముందు పడేయొద్దు.

షుగర్ తగ్గుతుందని పరగడుపున సదాబహార్ ఆకులు నమిలేవాళ్ళు మనలో చాలామంది. ఈ మొక్క నుంచి తీసిన విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్‌లను క్యాన్సర్ చికిత్సలో వాడతారు. అంత బలమైన మందులను డాక్టర్లు కొలిచి, రక్త పరీక్షలు చూసుకుంటూ ఇస్తారు. ఆకు నమిలితే ఒంట్లోకి ఎంత పోతోందో కొలత ఉండదు. పైగా షుగర్ మాత్రలు వేసుకునేవారికి చక్కెర ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ అలవాటు ఉంటే నెమ్మదిగా చెప్పి మాన్పించండి. సదాబహార్‌ను కుండీలో చూసి ఆనందిస్తే చాలు.