సిగ్గుపడి దాచొద్దు!

కొలరాడోలోని అరోరాలో ఒకే గదిలో ఉంటున్న మాకు మొన్న నిద్ర పట్టలేదు. మాలో ఒకరి ఏడు నెలల బాబుకి ఒక వృషణం సంచిలోకి దిగలేదని, స్కానింగులోనూ కనబడలేదని ఇంటినుంచి ఫోను.

అడిగి తెలుసుకున్నాం. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి దాదాపు ముగ్గురికి ఇలా ఉంటుందట. చాలామందికి తనంతట తనే దిగుతుంది. ఆరు నెలలకీ దిగకపోతే పిల్లల సర్జన్‌కి చూపించాలి. అల్ట్రాసౌండ్ వృషణం సైజు కొలుస్తుంది గానీ, పొట్టలో దాగితే కచ్చితంగా చెప్పలేదు. నిపుణుడికి చూపించేముందు స్కానింగ్ అక్కర్లేదని అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ 2014లోనే చెప్పింది. ఆపరేషన్ ఏడాదిన్నరలోపు కావాలి. ఆలస్యమైతే రేపు సంతానానికి ఇబ్బంది, క్యాన్సర్ ముప్పూ ఎక్కువే.

చివరికి సర్జన్ చేత్తో తడిమితే గజ్జల్లోనే తగిలింది! ఈ రాత్రి ఫోనులో మీ ఇంట్లోనూ ఒక్కమాట అడగండి.